మాటలాడని బిడ్డయు ప్రభువు బల్లయు

వేదపాఠము: మార్కు 7:31–37, యోహాను 9:1–3, 2 సమూయేలు 9వ అధ్యాయము, 1 కొరింథీయులకు 11:17–34. (ఇంటి కూటములలో చదువుకొనుటకు)



మార్కు సువార్త 7వ అధ్యాయములోని చెవిటివాని సంగతి మనకందరికి తెలిసినదే. కాని అందులో ఒక చిన్న విషయమును మనము తరచుగా దాటిపోవుచుందుము. ప్రభువు వానిని జనులందరి యెదుట బాగుచేయలేదు. గుంపులోనుండి ప్రక్కకు తోడుకొనిపోయెను. పిమ్మట మాటతో గాక చేతితో మొదలుపెట్టెను. వాని చెవులను ముట్టెను, నాలుకను ముట్టెను, ఆకాశమువైపు చూచెను. చెవిటివానికి మాట వినబడదు గనుక వానికి తెలియు భాషలోనే వానితో మాటలాడెను. ఈ సంగతి మనస్సులో నుంచుకొని తక్కినది చదువవలెనని మనవి.

మన గ్రామములలో కొన్ని ఇండ్లయందు ఒక విధమైన బిడ్డలున్నారు. పుట్టినప్పుడు ఏ లోపమును కనబడదు. ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచినచో తల త్రిప్పరు. చెవుడేమో యనుకొందమా, వీధి చివర ఐసు బండి గంట వినబడగానే లేచి పరుగెత్తుదురు. చందమామను చూపినచో మన వ్రేలు చూపిన దిక్కునకు చూడరు. తమకు కావలసినది వ్రేలితో చూపరు, మన చేయి పట్టుకొని అచ్చటికి లాగికొనిపోవుదురు. కొందరికి మాటలు రావు. కొందరికి వచ్చిన నాలుగు మాటలును రెండేండ్లు నిండులోపల పోవును. కొందరు చక్కగా మాటలాడుదురు గాని, విన్న మాటనే మరల మరల చెప్పుదురు. చెంచాలను, చెప్పులను, సీసా మూతలను వరుసగా పేర్చుచుందురు. ఆ వరుస చెదరినచో కొంప మునిగినట్లు ఏడ్చుదురు. పెద్ద శబ్దమునకు చెవులు మూసికొందురు. బడికి ఒక దారిన పోవుట అలవాటైనచో మరియొక దారిన రారు.

ఈ స్థితికి వైద్యులు ఆటిజము అని పేరు పెట్టిరి. అమెరికాలోని బాల్టిమోరు పట్టణమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పనిచేసిన లియో కానర్ అను వైద్యుడు 1943లో పదునొకండుగురు పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసము వలన ఇది విస్తారముగా తెలియవచ్చెను. వారిలో మొదటివాడు మిసిసిపీ రాష్ట్రములోని ఫారెస్టు అను చిన్న ఊరి బాలుడు, డొనాల్డ్ ట్రిప్లెట్. పెద్దల సలహాపై తలిదండ్రులు వానిని మూడేండ్ల ప్రాయమున ఒక సంస్థలో విడిచిరి. సుమారు ఏడాదికి మనస్సాగక తిరిగి తెచ్చుకొనిరి. అతడు పెరిగి, కళాశాల చదువు ముగించి, బ్యాంకులో పనిచేసి, తన ఊరివారి మధ్యనే జీవించి 2023లో 89 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఇటువంటి పిల్లలందరును ఆలాగే చదువుదురని మేము చెప్పము. కొందరికి జీవితమంతయు ఒకరు తోడుండవలసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చొప్పున 2021లో ప్రపంచమునందు సుమారు 127 మందిలో ఒకరు ఈ స్థితి గలవారు. అట్లయిన నాలుగైదువందల మంది గల మన సంఘములలో ముగ్గురో నలుగురో ఉండవలెను. ఆదివారము వారు మనకు కనబడుచున్నారా?

యోహాను 9వ అధ్యాయములో శిష్యులు పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపము వలన ఇట్లాయెనని అడిగిరి. ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. వాడును కాదు, వాని కన్నవారును కాదు అని తేల్చెను. అయినను ఆ ప్రశ్న చావలేదు. మన ఊళ్లలో అది, గర్భముతో గ్రహణము చూచినదనియు, పెద్దల యుసురు తగిలెననియు, దశమభాగము ఎగవేసిరనియు వేరువేరు వేషములలో తిరుగుచున్నది. చదువుకొన్నవారు దీనికి అతీతులని యనుకొనకుడి. అమెరికాలోను ఐరోపాలోను గొప్ప వైద్యులే కొన్ని దశాబ్దములు తల్లిని నిందించిరి. తల్లి మనస్సు మంచుపెట్టెవలె చల్లగా నుండుటచేత బిడ్డ తనలోనికి ముడుచుకొనెనని వారి వాదము. బ్రూనో బెటల్‌హైమ్ అను నతడు 1967లో ఈ వాదముతో ఒక గ్రంథమే ప్రచురించెను. బిడ్డను మోసి అలసిన తల్లులు ఆ నింద కూడ మోసిరి. అంతకు మూడేండ్లు ముందే, 1964లో, ఇట్టి కుమారుడు గల బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినదని వ్రాసెను. 1977లో కవలపిల్లలను గూర్చి అచ్చయిన పరిశోధన వలన వంశపు బీజములలో దీనికి మూలమున్నదని తేలెను. నేడు ఏ వైద్యుడును తల్లి ప్రేమను తప్పుపట్టడు. శిష్యులకు ప్రభువు ఒక్క మాటలో చెప్పినదానికి విద్వాంసులు ఇన్నేండ్లు చుట్టు తిరిగి వచ్చిరి.

ఇక్కడ మరియొక మాట. టీకాల వలన ఈ స్థితి వచ్చునని 1998లో ఇంగ్లాండునుండి ఒక వ్యాసము వెలువడెను. అది సరికాదని తేలగా 2010లో ఆ పత్రికయే దానిని ఉపసంహరించుకొనెను. ఈ మాట ఇప్పుడు ఫోనులలో మన పల్లెలకు చేరుచున్నది. తల్లులారా, పిల్లలకు టీకాలు మానకుడి.

దయ్యమను మాటకు వత్తము. మార్కు 9వ అధ్యాయములోని మూగదయ్యము పట్టిన చిన్నవానిని చూపి, ఇదియు అదే యని చెప్పువారున్నారు. అయితే మత్తయి 4:24 చదువుడి. అక్కడ రోగులను, దయ్యములు పట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని వేరువేరుగా లెక్కించియున్నది. లేఖనము వేరుచేసిన వాటిని మనము ఒకటిగా చుట్టివేయ తగదు. అంతేకాదు, ఆ చిన్నవాని యెడల ప్రభువు ఏమి చేసెనో చూడుడి. ఎంతకాలమునుండి ఇట్లున్నదని ముందు తండ్రిని అడిగెను. వాని విషయములో అధికారముగా పలికినది ఒక్కమారే. వానిని కట్టలేదు, కొట్టలేదు. చేయి పట్టి లేవనెత్తెను.

ఈ మాట మేము ఊరకనే వ్రాయుటలేదు. మా ప్రక్క గ్రామములో ఒక రోమను కతోలిక కుటుంబము గలదు. వారి అనుమతితోనే, పేర్లు విడిచి, వారి సంగతి వ్రాయుచున్నాము. తండ్రి తాపీ పనివాడు. తల్లి ఇంటిపని, రెండు గేదెల పని చూచుకొనును. ముగ్గురు బిడ్డలు, నడిమివాడు పదునొకండేండ్లవాడు, ఆటిజము గలవాడు, నోట మాట లేదు. వాని ఏడవయేట బంధువులు బలవంతపెట్టగా వారు దూరపు ఊరిలో జరుగు ఒక స్వస్థత కూటమునకు వానిని తీసికొనిపోయిరి. మూడు శుక్రవారములు పోయిరి. మైకు ముందు నిలువబెట్టి, చేతులు కట్టి, నలుగురు పట్టుకొని కేకలు వేసిరి. తండ్రి రెండు నెలల కూలి అచ్చట కానుకలకే చెల్లెను. తరువాత రెండేండ్లపాటు ఆ పిల్లవాడు మైకు కనబడిన ఏ గుడి గడపయు త్రొక్కలేదు. గుడి మెట్ల దగ్గరనే కూలబడి తన చేయి తానే కొరికికొనెడివాడు. దేవుని మందిరమనగా ఆ బిడ్డకు మనుష్యులు నేర్పిన అర్థమది.

మనము సంస్కరణ సంఘములవారము. కతోలికుల సంగతి మనకేల అని కొందరు అడుగవచ్చును. మరియమ్మగారిని గూర్చియు పరిశుద్ధులను గూర్చియు వారికిని మనకును గల భేదము తెలిసినదే, దానిని ఇక్కడ కదపము. ఈ విషయములో వారు కొంత ముందు నడచిరి, కొంత తొట్రుపడిరి. రెండును మనకు పనికివచ్చును.

ముందుగా ఇంటి ప్రార్థన చూతము. ఆ యింట రాత్రి భోజనమునకు ముందు జపమాల చెప్పుదురు. జపమాలలో ఏబదిమూడు చిన్న పూసలు, ఆరు పెద్ద పూసలు ఉండును. ఒక్కొక్క పూసకు ఒక జపము, ఎల్లప్పుడు అదే మాట, అదే వరుస. మనవారు దీనిని వ్యర్థమైన పునరుక్తి యందురు. కాని ఆ పిల్లవానికి దినమంతటిలో నెమ్మదిగా నుండు అరగంట అదియే. మాల వాని చేతిలోనే యుండును. తల్లి జపము ముగించినప్పుడెల్ల వాడు ఒక పూస జరుపును. ఒకనాడు అలసట చేత తండ్రి రెండు పూసలు దాటవేసెనట. వాడు తండ్రి చేయి పట్టి వెనుకటి పూసమీదికి లాగెను. వాని నోట మాట లేదు గాని ఆ ప్రార్థన ఎక్కడ నున్నదో వానికి తెలియును. మేము జపమాల చెప్పుకొనుడని ఎవరికిని బోధింపము. అయితే మన యింటి ప్రార్థన సంగతి ఆలోచింపుడి. ఒకదినము పది నిమిషములు, ఒకదినము గంట. ఒకదినము పాట, ఒకదినము లేదు. అతిథి వచ్చినచో అదియు లేదు. ఇట్టి బిడ్డకు ప్రతిదినము ఒకే వేళ, ఒకే చాప, ఒకే చిన్న కీర్తన, ప్రభువు నేర్పిన ప్రార్థన, ఆమేన్ అనగానే ఒకే దీపము తగ్గించుట – ఈ పాటి క్రమము మనమును ఏర్పరచవచ్చును. వానికి క్రమమే భాష.

ఆ తల్లి మాట ఒకటి చెప్పవలెను. ఆమెను పరామర్శించువారు, మీ బిడ్డ దేవదూత, దేవుడు మిమ్మును ఏరి ఈ బిడ్డనిచ్చెను అందురట. ఆమె మాతో, “అందరూ దేవదూత అంటారండీ అయ్యగారూ. దేవదూతలు రాత్రి రెండింటికి లేచి బిందెలు దొర్లించరు గదండీ. వాడు నా కొడుకండీ, మనిషేనండీ. ఒక గంట వాణ్ణి ఎవరైనా చూసుకుంటే నేను నిద్రపోతానండీ” అనెను. కతోలికులు శ్రమను దేవునికి అర్పించుకొనుటను గూర్చి చక్కగా బోధింతురు. అందులో సత్యము లేకపోలేదు. కాని ఆ బోధ కొన్నిసార్లు అలసిన స్త్రీని పరిశుద్ధురాలని పొగడి, ఆమె బిందె మాత్రము ఆమెచేతనే మోయించును. మనవారు పొగడరు, మోయరు, అంతే తేడా.

ఆ యింటివారి దినచర్య వినినవారికి గాని తెలియదు. వాడు తెల్లని అన్నము, పెరుగు, ఒకే రకపు బిస్కత్తులు తప్ప తినడు. క్షౌరము చేయించుటకు ముగ్గురు కావలెను. చొక్కా లోపలి కుట్టు గీచుకొన్నచో చొక్కా విప్పి వీధిలో పారవేయును. అన్నిటికంటె భయము నీళ్లు. ఇట్టి పిల్లలనేకులు చెప్పకుండ ఇల్లు విడిచి పోవుదురు, నీటివైపు ఆకర్షింపబడుదురు, అపాయము ఎరుగరు. ఆ ఊరి పంట కాలువ వారి యింటికి రెండు ఫర్లాంగుల దూరము. తలుపుకు పైన గడియ వేసి తల్లి స్నానమునకు పోవలెను. మన యిరుగుపొరుగున ఇట్టి బిడ్డ యుండినచో, వాడు ఒంటరిగా పోవుట చూచి, వాళ్ల పిల్లవాడు లెమ్మని ఊరకుండక, చేయి పట్టి ఇల్లు చేర్చుట మనకు ఒక నిమిషపు పని.

పెద్దబిడ్డ పందొమ్మిదేండ్ల పిల్ల. పోయిన వేసవిలో ఆమెకు ఒక సంబంధము వచ్చెను. కుదురునట్లే యుండి, తమ్ముని చూచిన పిమ్మట తప్పిపోయెను. ఆ చూడవచ్చినవారు కతోలికులు కారు, మన సంఘస్థులే. ఈ స్థితి కొంతమట్టుకు కుటుంబములలో కనబడుచుండును, నిజమే. అక్కకు పుట్టు బిడ్డకు వచ్చితీరునన్న నియమమేమియు లేదు. అంతకంటె ఎక్కువ మేము ఆ పెద్దమనుష్యులకు చెప్పినాము గాని, అది పత్రికలో వ్రాయదగినది కాదు.

ఇప్పుడు లూర్దు సంగతి. మన ప్రాంతపు కతోలికులు ఫిబ్రవరి నెలలో విజయవాడ ప్రక్కనున్న గుణదల తిరునాళ్లకు పోవుదురు గదా. ఆ ఉత్సవమునకు మూలము ఫ్రాన్సు దేశములోని లూర్దు. 1858 ఫిబ్రవరి 11న అక్కడ బెర్నదెత్తు అను పేద బాలికకు మరియమ్మగారు కనబడిరని వారి విశ్వాసము. నాటినుండి రోగులు అచ్చటికి లక్షలుగా పోవుచున్నారు. అట్టి రోగుల యాత్రాస్థలములోనే 1960ల చివర ఒక సంగతి జరిగెను. బుద్ధిమాంద్యము తీవ్రముగా గల ఇద్దరు కుమారుల తలిదండ్రులు తమ మేత్రాసనపు యాత్రలో చేరగోరిరి. మీ పిల్లలకు ఏమియు తెలియదు, తక్కినవారికి అలజడి యగునని వారిని చేర్చుకొనలేదు. వారు తమంతట తామే పోయిరి. బసలో వారిని నలుగురితో కూర్చుండనీయక, భోజనము గదిలోనే చేయవలెననిరి. ఇట్టి పిల్లలు గలవారు ఇంటివద్ద నుండవలెనని వీధిలో కొందరనిరి. రోగుల కొరకే వెలసిన ఊరిలో ఈ మాట!

ఆ తలిదండ్రులు తమ బాధను మరీ ఎలెన్ మాత్యూ అను స్త్రీతో చెప్పుకొనిరి. ఆమెయు జాన్ వానియే అను నతడును కలిసి, ఇట్టి బిడ్డలును వారి కుటుంబములును ముందు వరుసలో నుండు యాత్ర నొకదానిని సిద్ధపరచిరి. 1971 ఈస్టరు పండుగకు పదునైదు దేశములనుండి సుమారు 12,000 మంది లూర్దు చేరిరి. వారిలో 4,000 మంది బుద్ధిమాంద్యము గలవారు. ఆ యాత్రనుండి విశ్వాసము–వెలుగు అను పేరుగల సహవాసములు పుట్టి అనేక దేశములకు, మన దేశమునకును వ్యాపించెను. వారు చేయునది పెద్ద కార్యమేమియు కాదు. కొన్ని కుటుంబములు, వారి స్నేహితులు నెలకొకసారి కూడి, భుజించి, పాడి, ప్రార్థించుదురు. అంతే. ఈ వానియేను గూర్చి దాచవలసిన పని లేదు. అతడు 2019లో మరణించిన పిమ్మట, అతడు స్థాపించిన సంస్థయే విచారణ జరిపించి, ఆత్మీయ సలహా పేరిట అతడు పలువురు స్త్రీలను చెరిపెనని 2020లో ప్రకటించెను. పేరుపొందిన మనుష్యుని మీద ఆనుకొనుట ఎంత అపాయమో మన సంఘములకును తెలియును. అయినను ఆ ఈస్టరునాడు లూర్దు వీధులలో నడచిన బిడ్డల హక్కు ఆ మనుష్యుని మంచితనము మీద ఆధారపడినది కాదు.

మార్కు 2వ అధ్యాయములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చిరి. ప్రభువు వారి విశ్వాసమును చూచెనని వ్రాయబడియున్నది. మోయబడినవాడు ఒక మాట పలికినట్లు అక్కడ లేదు. ఇది ప్రభువు బల్లను గూర్చిన కఠినమైన ప్రశ్నకు మనలను తెచ్చును.

మాటలాడలేని బిడ్డకు ప్రభుభోజన మియ్యవచ్చునా? కతోలికులలో 1910లో పదియవ పీయూసు పోపు కాలమున, పిల్లలు సుమారు ఏడేండ్ల ప్రాయమునుండి దివ్యసత్ప్రసాదము పుచ్చుకొనవచ్చునని నిర్ణయమాయెను. దానికి పిల్లవాని గ్రహింపు కొంత యుండవలెను. మరి గ్రహించెనో లేదో చెప్పలేని బిడ్డ సంగతి యేమి? అమెరికాలోని వారి బిషప్పులు 1995లో దీనిని గూర్చి స్పష్టమైన సూచనలు చేసిరి. అది సామాన్యమైన ఆహారము కాదని బిడ్డ ఎరిగినచో చాలును. ఆ యెరుక మాటలతోనే చూపనక్కరలేదు. ముఖవైఖరితో, సైగతో, భక్తితో కూడిన మౌనముతో చూపవచ్చును. సందేహము కలిగినచో ఇచ్చుటవైపే మొగ్గవలెను. 2014 నవంబరులో వాటికనులో ఆటిజమును గూర్చి మూడుదినముల సభ జరిగెను. చివరిదినమున అప్పటి పోపు ఫ్రాన్సిస్ ఆ బిడ్డలను, తలిదండ్రులను కలిసికొని, వారిని ఒంటరితనములో విడువరాదని మాటలాడెను.

మేము చెప్పిన పిల్లవాని సంగతిలో వారి విచారణ గురువు ఏమి చేసెనో చెప్పుదుము. పిల్లవాడు గుడిలోనికి రాడు గనుక గురువే వారి యింటికి నెలకు రెండుసార్లు పోయి, వానితో ఏమియు మాటలాడక, చాపమీద కూర్చుండి వచ్చెడివాడు. పిమ్మట పనిదినములలో, మైకు లేనివేళ, గుడి తలుపు తీయించి వానిని లోపల తిరుగనిచ్చెను. అభిషేకింపని వట్టి అప్పమును ఇంటికి పంపెను. నాలుకకు ఆ గరుకు పడక మొదట ఉమ్మివేసెను. తల్లి ఆవగింజంత తుంకతో మొదలుపెట్టి, నాలుగు నెలలు అభ్యాసము చేయించెను. గుడి, అప్పము, చేతులు జోడించుట – ఈ మూడు బొమ్మలు అట్టమీద గీసి అక్క వానికి ప్రతిదినము చూపెను. పోయిన సంవత్సరము, పూజ ముగిసి జనులు వెళ్లిన పిమ్మట, ఇంటివారి యెదుట వాడు మొదటిసారి పుచ్చుకొనెను. పుచ్చుకొనక ముందు చేతులు జోడించెనట. బిస్కత్తుకు వాడెన్నడును చేతులు జోడింపడు.

మన క్రమము వేరు. మనలో కొందరు శిశువులకు బాప్తిస్మమిచ్చి, ఎదిగిన పిమ్మట ఉపదేశము నేర్పి దృఢీకరణతో బల్లకు చేర్చుదురు. కొందరు విశ్వాసమొప్పుకొన్నవారికే బాప్తిస్మమిత్తురు. ఎట్లైనను ప్రశ్నలకు జవాబు చెప్పలేనివాడు గుమ్మము దగ్గరనే ఆగిపోవుచున్నాడు. దీనికి ఆధారముగా 1 కొరింథీయులకు 11వ అధ్యాయములో పౌలు తన్ను తాను పరీక్షించుకొనుటను గూర్చి వ్రాసినది చూపుదురు. ఆ అధ్యాయమును 17వ వచనమునుండి చదువుడి. పౌలు గద్దించినది ఎవరిని? తెలివి తక్కువవారిని కాదు. కలిగినవారు ముందుగా తినివేసి, లేనివారిని సిగ్గుపరచిరి. వారినే అతడు గద్దించెను. ప్రభువు శరీరమని వివేచింపక తినుటయనగా, ఆ శరీరములోని అవయవమైన పేద సహోదరుని త్రోసివేసి తినుట కూడ నని మా తలంపు. అటుతరువాతి అధ్యాయములోనే బలహీనములుగా కనబడు అవయవములు మరి అవసరమైనవని వ్రాసెను గదా. కాబట్టి ఆ పరీక్షను మొదట ఎదుర్కొనవలసినవారు సైగతో చేయి చాపు బిడ్డ కాదు, ఆ చేతిని చూచి ముఖము త్రిప్పుకొను మనము.

దావీదు మెఫీబోషెతును పిలిపించినప్పుడు అతడు తన్ను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను. ఐదేండ్లవాడై యున్నప్పుడు దాది చేతినుండి పడి కుంటివాడాయెను. ఆ పడుటలో వాని తప్పేమియు లేదు. లోదెబారులో పరుల యింట దాగియున్నవానిని దావీదు రాజు బల్లయొద్ద కూర్చుండబెట్టెను. ఆ అధ్యాయపు చివరి మాట చూడుడి. బల్లయొద్ద భోజనము చేసిన పిమ్మట అతని కాళ్లు బాగుపడెనని వ్రాయబడలేదు. రెండు కాళ్లును కుంటివే. అయినను నిత్యము అక్కడనే భుజించెను. ఈ విషయమును మన పాస్టర్లును పెద్దలును తమ కూటములలో చర్చింపవలెనని కోరుచున్నాము. ఒక్క పాస్టరు తన ఇష్టముచొప్పున చేయవలసినది కాదు.

అంతవరకు చేయగలిగినవి కొన్ని ఉన్నవి. మన గుడులలో లౌడుస్పీకరు శబ్దము వయసువారికే తల తిరుగునట్లున్నది. నలుబది మంది కూర్చుండు తాటాకుల షెడ్డుకు నాలుగు పెట్టెలు ఎందుకో మాకు తెలియదు. దానిని తగ్గించినచో ముసలివారును దీవింతురు. తలుపు దగ్గర ఒక చాప ఈ కుటుంబములకై యుంచుడి, మధ్యలో లేచి పోయినను తిరిగి వచ్చినను తల త్రిప్పి చూడకుడి. సండే స్కూలులో స్త్రీల సమాజమునుండి ఒకరు ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండవలెను. నీళ్లకుండ నింపుట, చాపలు పరచుట, పాటల పుస్తకములు పంచుట వంటి పని ఒకటి ఎల్లప్పుడు వానికే ఇయ్యుడి.

తలిదండ్రులారా, అనుమానము తోచగానే ఆలస్యము చేయకుడి. దీనిని పోగొట్టు మందు లేదు. ఉన్నదని డబ్బు గుంజువారిని నమ్మకుడి. కాని చిన్నతనమునుండి నేర్పినచో మాటయు, సైగయు, తన పని తాను చేసికొనుటయు చాలమట్టుకు పెంపొందును. ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచరునో అడిగినచో, జిల్లా కేంద్రమునందు పిల్లల ఎదుగుదలను పరీక్షించు ప్రభుత్వ కేంద్రమునకు పంపుదురు. ఈ పథకము 2013లో మొదలాయెను. సికిందరాబాదు మనోవికాస్ నగరులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ యున్నది. 2016 చట్టము ఆటిజమును వికలాంగత్వములలో చేర్చినది గనుక ధ్రువపత్రము పుచ్చుకొన హక్కున్నది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద నిరామయ అను ఆరోగ్య బీమా, లక్ష రూపాయల వరకు గలదు. ఈ కాగితముల కొరకు ఆ తాపీ మేస్త్రీ ఆరు దినముల కూలి పోగొట్టుకొని తిరిగెను. కార్యాలయముల ఎరుక గల సంఘపెద్ద ఒకడు తోడు పోయినచో రెండు దినములలో ముగిసెడి పని.

అన్నిటికంటె పెద్ద భయము వేరొకటి యున్నది. మేము పోయిన తరువాత వీనిని ఎవరు చూతురు? ప్రతి తండ్రియు, తల్లియు దీనిని అడుగుచున్నారు, చాలమంది రాత్రులందే అడుగుచున్నారు. ప్రభువు సిలువమీద నుండి తన తల్లిని యోహానుకు అప్పగించెను. రక్తసంబంధులుండగనే శిష్యునికి అప్పగించెను. పైన చెప్పిన 1999 చట్టము క్రింద, బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట కలెక్టరు అధ్యక్షతగల జిల్లా సంఘము సంరక్షకుని నియమింపగలదు. ఆ తండ్రి ఈ సంగతి తెలిసికొని, వానికి ఇంకను ఏడేండ్లున్నను, ఇప్పుడే ఒక నోటుపుస్తకములో పేర్లు వ్రాసికొనుచున్నాడు. మొదటి పేరు పెద్ద కుమార్తెది. తానే వ్రాయుమని అడిగినది. దాని క్రింద గీత గీసి రెండవ పేరునకు చోటు విడిచియున్నాడు.